రెండోవైపు మూడో పాట

కళ్ళు మూసుకుని పాట వినేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గిట్టదు. మూసిన రెప్పల వెనక వాళ్ళకి కనిపించేది పాట కాదు, పాట వింటున్న తమ ముఖం. డెబ్బై ఎనిమిది వేసవిలో, తుఫాను తర్వాత వచ్చిన మొదటి ఎండల్లో, బందరు పరాసుపేటలో వకీలు పూర్ణచంద్రరావు గారి ముందు గదిలో ప్రతి ఆదివారం పదింటికి అలాంటి ముఖాలు మూడు వరసగా కూర్చునేవి. నాలుగోది నాది. నేను కళ్ళు మూసేవాణ్ణి కాదు. వాళ్ళని చూస్తూ కూర్చునేవాణ్ణి. కాలేజీలో తర్కం, మనస్తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి కనక మనుషుల్ని చూడటం నా వృత్తి అనుకునేవాణ్ణి.

రికార్డు ఓ తెల్లకుర్రాడిది. దివిసీమలో తుఫాను సహాయానికి వచ్చి, వకీలుగారింట్లో రెండు నెలలుండి, ఫిబ్రవరిలో వెళ్తూ ఇచ్చిపోయాడు. దాని అట్ట ఎక్కడో నీళ్ళలో నాని, ఆరి, చేపల గంప అడుగు కాగితంలా తయారైంది. పాడినావిడ పేరు ఉండాల్సిన చోట గోధుమరంగు మరక. ముఖంలో ఒక కన్నూ సగం నుదురూ మిగిలాయి. అమెరికాలో నల్లజాతి మనిషి. గిటారు, హార్మోనికా, చర్చిలో వాయించే ఆర్గన్, వెనకాల ఓ పదిమంది ఆడవాళ్ళ గొంతులు. జైలు మీద ఒక పాట, అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయడం మీద ఒకటి, యుద్ధం నుంచి తిరిగిరాని కొడుకు మీద ఒకటి. రెండోవైపు మూడోది వరద పాట. అందులో ఆవిడ పాడేదేమీ లేదు. పేర్లు పిలుస్తుంది. ఒక పేరు పిలిచి ఆగుతుంది. ఆగినచోట వెనకవాళ్ళు "రాలేదు" అంటారు. ఇంకో పేరు. "రాలేదు." అంతే.

ఆ పాట నన్ను మొదటిసారే పట్టుకుంది. పట్టుకుందని ఎవరికీ చెప్పలేదు. దాన్ని వాళ్ళు మెచ్చుకునే తీరు చూస్తే నాకు ఇష్టమైన మనిషి మీద ఎవరో చెయ్యి వేసినట్టుండేది.

"అక్క ఇవాళ మన గుండెలు కోసేస్తుందండీ," అనేవారు పూర్ణచంద్రరావు గారు, రేడియోగ్రామ్ మూత ఎత్తి ముల్లు పెడుతూ. పేరు తెలీదు కనక ఆవిడకి అక్క అని ఖాయం చేశారాయన.

"కోయించుకోడానికే గదండీ వచ్చాం," అనేవాడు వెంకటరత్నం. ఇన్సూరెన్స్ ఆఫీసరు. కోసినా కోయకపోయినా ఏడుపు మొదటివైపు రెండో పాటకే సిద్ధంగా ఉండేది అతనికి.

ఇంగ్లీషు లెక్చరరు ఈశ్వరరావు మాటమాటకీ అర్థం చెప్పేవాడు. సగం తప్పు. "బ్లూస్ అంటే నీలం అనుకునేరు. దుఃఖం. మన కరుణరసం ఉందే, అదే వాళ్ళ దగ్గరికెళ్ళి గిటారు పట్టుకుంది."

"మీ కరుణరసం కాసేపు ఆపి, అల్లం పచ్చడి చాలుతుందో లేదో చెప్పండి," అనేది వకీలుగారి భార్య రాజకుమారి గారు, పెసరట్ల పళ్ళెం బల్లమీద పెడుతూ. ఆ గదిలో నేను గౌరవించిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ పాట వినేది కాదు.

వరద పాట అయ్యాక వకీలుగారు తుఫాను కథ ఒకటి చెప్పేవారు. తుఫాను వెళ్ళిన ఐదోరోజు సహాయపు లారీలో ఆయన దివిసీమ వెళ్ళిన మాట నిజమే. తిరిగొచ్చిన కొత్తలో ఏమీ మాట్లాడలేదు. రికార్డు వచ్చాక కథలు మొదలయ్యాయి. ఒక ఆదివారం తాటిచెట్టు మీద మూడు పగళ్ళున్న మనిషి. ఇంకో ఆదివారం పెంకుటింటి దూలానికి జుట్టుతో కట్టేసుకున్న తల్లి. ఏ కథా ముందుదానికంటే చిన్నది కాదు. వింటున్న ముఖాలకి ఎంత కావాలో అంత పెరిగేది.

ఇలాంటి చోటికి ఎందుకు వెళ్ళేవాణ్ణంటే, ఇంట్లో కూర్చోలేక.

*

ఇంట్లో మా చెల్లెలు ఖదీజా ఉండేది. ఇనగుదురుపేటలో మాది రెండు గదుల ఇల్లు. అమ్మానాన్నా లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఖదీజాని పెడన ఇచ్చాం. భర్త షేక్ మాబు, కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కేవాడు. అచ్చుకి పాత టేకు కావాలి; కొత్త కర్ర రంగునీళ్ళలో వంకర పోతుంది. నాగాయలంకలో ఎవరిదో పాత ఇల్లు పడగొడుతున్నారనీ, దూలాలు అమ్ముతారనీ విని, కర్ర పోల్చుకోడానికి ఒక అచ్చు సంచిలో వేసుకుని నవంబరు పద్ధెనిమిదిన బస్సెక్కాడు. పంతొమ్మిదిన ఉప్పెన వచ్చింది.

శవం దొరకలేదు. ఖదీజా అత్తగారు నాగూర్ బీకి అది చాలు. కొడుకు బతికే ఉన్నాడు. జనవరిలో ఖదీజాని నేను మా ఇంటికి తెచ్చుకున్నాక కూడా పదిహేను రోజులకోసారి పెడన నుంచి రైల్లో వచ్చేది, ఏదో ఒక కబురు కొంగున ముడేసుకుని.

"గుడివాడ జంక్షన్లో చూశారంట. మాసిన గడ్డమంట. పలకరిస్తే మాటాడలేదంట. మావాడే! చిన్నప్పట్నించీ భయమేస్తే నోరు పెగలదు వాడికి. పద ఖదీజా, ఆ గాజులు నిండుగా వేసుకో, చేతులు బోడిగా కనిపిస్తే వాడేమనుకుంటాడు?"

ఖదీజా గాజులు నిండుగా వేసుకుని వెళ్ళేది. గుడివాడ ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ రెండు రోజులు కూర్చుని వచ్చారు. అంతకుముందు చీరాల. అంతకుముందు ఎవరో ఫకీరు చెప్పాడని శ్రీకాకుళం రేవు, కృష్ణ ఒడ్డున. వెళ్ళిన ప్రతిసారీ దాని ముఖం కొంచెం కొంచెం అరిగిపోయి వచ్చేది.

"బతికున్నాడంటే ఎదురుచూస్తాను భయ్యా," అంది గుడివాడ నుంచి వచ్చినరోజు, కాళ్ళు కడుక్కుంటూ. "చచ్చిపోయాడంటే ఏడుస్తాను. రెంటిలో ఏదో ఒకటి చెప్పమను. ఏదీ కాకుండా ఎన్నాళ్ళు?"

ఏడవడానికి కూడా మాలో ఒక పద్ధతుంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పదిరోజులు గడప దాటకుండా కూర్చోవాలి. ఇద్దత్ అంటారు. ఆ రోజులు దాటాకే ఆమె విధవ అయ్యాననిపించుకుని మళ్ళీ మనుషుల్లోకి వస్తుంది. పోయాడో లేదో తెలియనివాడి భార్యకి ఇద్దత్ లేదు. ఖాజీగారిని అడిగాను. ఆయన మంచివాడే, మొహమాటస్థుడు.

"ఎవరైనా కళ్ళతో చూశామని చెప్పాలి మాస్టారూ. లేదంటే నాలుగేళ్ళు ఆగాలి. చట్టం కూడా అదే."

"నాలుగేళ్ళు ప్లాట్‌ఫారాల మీదా?"

"ఏం చెయ్యనండీ మరి. ఒక్క సాక్షిని తీసుకురండి. ఆ తుఫానులో సాక్షిని మతం చూసి ఏరుకోలేం. ఎవరైనా సరే, నమ్మదగ్గవాడైతే చాలు."

*

ఏప్రిల్ రెండో ఆదివారం. రెండోవైపు మూడో పాట నడుస్తోంది. ఆవిడ ఒక పేరు పిలిచింది. అంతలో కరెంటు పోయింది. రికార్డు తిరగడం నెమ్మదించి, గొంతు బరువెక్కి, మగగొంతై, మూలుగై ఆగిపోయింది. "రాలేదు" అనాల్సినవాళ్ళు అనలేదు. ఫ్యాను కూడా ఆగింది. నిశ్శబ్దంలో నలుగురం ఉక్కకి చెమటలు కక్కుతూ కూర్చున్నాం. పూర్ణచంద్రరావు గారు ఏ నిశ్శబ్దాన్నీ ఖాళీగా వదిలే మనిషి కాదు.

"సొర్లగొంది దారిలో," అన్నారు మెల్లగా, కళ్ళు మూసుకునే. "సర్కారు తుమ్మలో ఒక మనిషి చిక్కుకుని ఉన్నాడు. ముళ్ళ మధ్య నిలబడ్డట్టే ఉన్నాడు. మొలకి సంచి. సంచిలో బరువుగా ఏదో. ఏ ఇంటి వెండో అనుకున్నాం. తీసి చూస్తే చెక్క. బురద కడిగాం. నెమలండీ. అద్దకపు అచ్చు. కడుగుతుంటే తోకలో కళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి."

వెంకటరత్నం ముక్కు చీదాడు. "ఇది పాట! అక్క పాడాల్సింది ఇదండీ," అన్నాడు ఈశ్వరరావు.

నేను లేచి నిలబడ్డాను. "ఎప్పుడండీ?"

"ఆ మొదటి వారమే."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

వకీలుగారు కళ్ళు తెరిచి నన్ను చూశారు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది ఆయనకి, నాకో బావమరిది ఉండేవాడని. ముఖం తెల్లబోయింది. ఆ వెంటనే, నా కళ్ళముందే, ఆ తెల్లబోవడం గంభీరంగా మారింది.

"చెప్పలేకపోయాను మాస్టారూ. ఇవాళ పాట చెప్పించింది."

ఎండలో నడిచి ఇంటికొచ్చాను. ఇనగుదురుపేట దాకా రిక్షా పిలవాలని కూడా తోచలేదు. మాబు చచ్చిపోయాడని తెలిసి నాకు కలిగింది సంతోషం. దానికి వేరే పేరేదీ దొరకలేదు.

ఖదీజా చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెప్పాను. చెట్టు, సంచి, అచ్చు. చేతులు ఆగలేదు దానికి.

"అచ్చు మీద ఏముందన్నారు?"

"నెమలి."

చేతులు ఆగాయి. "నెమలేనా?"

"నెమలే."

చాలాసేపు చేటలోకి చూస్తూ ఉండిపోయింది. దిగ్భ్రాంతి అనుకున్నాను. ఆ స్థితి మీద తరగతిలో గంటసేపు చెప్పగలను. తర్వాత గాజులు ఒక్కొక్కటే తీసి కిటికీలో పెట్టింది. పగలగొట్టలేదు.

"అయితే ఆయనే," అంది. "ఆ వకీలుగారు వచ్చి చెప్తారా, ఖాజీగారి ముందు?"

*

వకీలుగారు ఒప్పుకోడానికి అరనిమిషం పట్టలేదు. "నా ధర్మం మాస్టారూ. పాతికేళ్ళుగా జనంచేత సాక్ష్యాలు చెప్పించాను. నేను చెప్పే రోజొచ్చింది." ఈ మాట తర్వాతి ఆదివారం వెంకటరత్నానికీ ఈశ్వరరావుకీ కూడా, అక్షరం మార్చకుండా, రెండుసార్లు చెప్పారు.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఖాజీగారు మా ఇంటికే వస్తానన్నారు. పెళ్ళి కాగితం, నికానామా, తీసి ఉంచమన్నారు. ఆ ఉదయం ఖదీజా ముందు వాకిలి కడుగుతుంటే నేను లోపలి గదిలో దాని రేకు పెట్టె తెరిచాను. కాగితాలు అడుగున ఉన్నాయి. వాటి పక్కన, నీలం పావడా గుడ్డలో చుట్టి, గట్టిగా ఏదో తగిలింది. ముడి విప్పాను.

నెమలి అచ్చు.

కొంతసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఒక్కొక్కటే వచ్చింది. నవంబరు చివర, సహాయపు లారీ బయల్దేరుతుంటే నేను పూర్ణచంద్రరావు గారి దగ్గరికి పరిగెత్తాను. "మా బావమరిది కోసం కాస్త చూడండి. సన్నగా ఉంటాడు. మొలకి సంచి కట్టుకుంటాడు. సంచిలో నెమలి అచ్చు ఉంటుంది." నెమలి అని నేనే అన్నాను. ఎందుకన్నాను? మాబు ఒకసారి నాకు ఒక అచ్చు చూపించాడు, పెళ్ళయిన ఏడు, ఎంతో సంబరంగా. నెమలి. అతని పనిలో నేను కళ్ళెత్తి చూసింది అదొక్కటే. అతను నాగాయలంక తీసుకెళ్ళింది మామిడిపిందె అంచు అని ఖదీజా తర్వాత ఎప్పుడో చెప్పింది. నేను విన్నాను, మరిచిపోయాను. అచ్చులన్నీ నాకు ఒకటే. మనుషుల లోపలికి చూస్తాననుకునేవాణ్ణి. చెల్లెలి మొగుడి చేతుల్లోకి చూడలేదు.

పూర్ణచంద్రరావు గారు చూసింది ఏ శవాన్నీ కాదు. నా మాటల్ని. నేను ఇచ్చిన నెమలి ఐదు నెలలు ఆయన బుర్రలో నాని, ఎవరిచ్చారో చెరిగిపోయి, ఆ పాట ఆగిన ఖాళీలో తన జ్ఞాపకంగా పైకి తేలింది. అబద్ధం చెప్పాలన్న తెలివి కూడా ఉండి ఉండదు. జ్ఞాపకం ఇలా చేస్తుందని నేను ఏటా బోర్డు మీద రాసేవాణ్ణి.

వాకిట్లో చీపురు ఆగింది. అచ్చుని మళ్ళీ గుడ్డలో చుట్టి, ముడేసి, ఎలా ఉందో అలా పెట్టాను. ఖదీజాకి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. "నీళ్ళు పెట్టాను భయ్యా, స్నానం చేసిరా, వాళ్ళొచ్చే వేళవుతోంది," అంది గుమ్మంలోంచి. గాజుల్లేని చేత్తో తలుపు పట్టుకుని ఉంది. స్నానానికి వెళ్ళాను.

*

ఖాజీగారు కుర్చీలో కూర్చున్నారు. పూర్ణచంద్రరావు గారు గంజిపెట్టిన పంచెలో, కోర్టుకి వచ్చినట్టు. నాగూర్ బీ పెడన నుంచి వచ్చి, గోడవారగా నేలమీద కూర్చుంది. కుర్చీ వేస్తానంటే వద్దంది. ఖదీజా లోపలి గది తలుపు వెనక.

"మీరు కళ్ళారా చూశారాండీ?" అన్నారు ఖాజీగారు.

"చూశానండి."

చెప్పారు. తుమ్మచెట్టు, ముళ్ళు, సంచి, బురద. పాటలో ఆవిడ ఎక్కడెక్కడ ఆగుతుందో అక్కడల్లా ఆగారు. మా ఇంట్లో, మా చాపల మీద, అరువు తెచ్చుకున్న ఆ ఆగడం వింటుంటే నాకు లేచి మెడ పట్టుకోవాలనిపించింది. నెమలి తోక కళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళల్లో నిజంగా నీళ్ళు తిరిగాయి. నిజంగా తిరిగినవే. అదే నాకు సహించలేనిది.

ఖాజీగారు తలుపు వైపు తిరిగారు. "అమ్మా ఖదీజా, నీ భర్త వెళ్ళేటప్పుడు వెంట అచ్చేమైనా తీసుకెళ్ళాడా?"

"తీసుకెళ్ళారండి."

"ఏం అచ్చు?"

ఇప్పుడు అంతా కూలిపోతుందనుకున్నాను. కూలిపోతే బాగుణ్ణనీ, కూలిపోకూడదనీ, ఒకే క్షణంలో.

"నెమలండి," అంది ఖదీజా. "నేనే గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను."

ఖాజీగారు తల పంకించి కాగితం మీద రాసుకోబోయారు. అప్పుడు నాగూర్ బీ గోడ దగ్గర్నుంచి అడిగింది.

"బాబూ. మావాణ్ణి కాల్చారా?"

దివిసీమలో శవాల్ని కుప్పలు పోసి కిరోసిన్ పోసి కాల్చిన సంగతి జిల్లాలో ఎవరికి తెలీదు? వకీలుగారి ఆదివారం కథల్లో ఆ మంటలు ఎన్నోసార్లు లేచాయి. ఆయన నోరు తెరిచారు. నాగూర్ బీని చూశారు. ఆ గదిలోకి వచ్చాక ఆయన ఒక మనిషిని చూడటం అదే మొదలు.

"లేదమ్మా," అన్నారు. "మీవాణ్ణి కాల్చలేదు. విడిగా పాతిపెట్టాం."

"తల ఎటు పెట్టారయ్యా?"

హిందువు కనక దక్షిణం అంటాడని నాకు తెలుసు. అంటే అయిపోయింది. ఆయన నా వైపు చూశారు. నేను మోకాలి మీదున్న చేతిని మెల్లగా ఉత్తరానికి జరిపి, వేళ్ళు పడమటికి, మక్కా వైపు, తిప్పాను. సాక్షులకి నేర్పి నేర్పి పండినవాడు. ఇంకొకరి దగ్గర నేర్చుకోడానికి ఒక్క చూపు చాలింది.

"ఉత్తరానికమ్మా. ముఖం పడమటికి తిప్పాం."

"మీరు హిందువులు గదా బాబూ. అట్టా పెట్టాలని మీకెవరు చెప్పారు?"

"కూలీల్లో ఒకాయన ఉన్నాడమ్మా, మీవాడు. ఆయనే చెప్పాడు. ఏదో చదివాడు కూడా."

నాగూర్ బీ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఆమె నమ్మిందో లేదో ఈనాటికీ నాకు తెలీదు.

"ఆయన చల్లగా ఉండాలి," అంది. ఎక్కడా లేని ఆ మనిషి కోసం రెండు చేతులూ ఎత్తి దువా చేసింది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, గోడకి తిరిగి కూర్చుంది. ఏడవడానికి ఆమెకి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ఖాజీగారు మళ్ళీ తలుపు వైపు తిరిగారు. "ఇద్దత్ చావు రోజు నుంచే లెక్కమ్మా, కబురు తెలిసిన రోజు నుంచి కాదు. అంటే మార్చి నెలాఖరుకే అయిపోయినట్టు. నువ్వు కూర్చోనక్కర్లేదు."

"కూర్చుంటానండి," అంది తలుపు వెనక గొంతు.

"అక్కర్లేదని చెప్తున్నా గదమ్మా."

"నాకు అక్కరుందండి."

*

కూర్చుంది. ఆ శుక్రవారం నుంచి నాలుగు నెలల పదిరోజులు. తెల్లచీర కట్టుకుని, లోపలి గదిలో. మొదటి మూడు రోజులూ అది ఏడ్చిన ఏడుపు వీధి చివరకి వినిపించింది. ఆ తర్వాత పగలంతా పడుకునేది. పదో రోజున ఆకలేస్తోందంది. నవంబరు తర్వాత దాని నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. మే నెల మధ్యలో పెడన నుంచి మాబు పనిముట్లు, ఉలులూ సుత్తీ, తెప్పించుకుంది. ఎందుకని అడిగితే, "కూర్చోవాలన్నారు గానీ చేతులు కట్టుకోమన్లేదు గదా," అంది.

అచ్చు సంగతి ఒక్కసారే వచ్చింది. అన్నం పెడుతూ తనే అంది:

"ఆ రోజు పెట్టె తెరిచావు కదూ భయ్యా."

నేను కంచం ముందుకి జరిపాను.

"గుడ్డ ముడి నాది కాదు. నేను రెండు ముళ్ళేస్తాను." పప్పు వడ్డించింది. "వకీలుగారు ఎప్పుడైనా కాదంటే, ఇదంతా పోతుందా?"

"పోతుంది."

"మళ్ళీ గుడివాడకి?"

"మళ్ళీ గుడివాడకి."

"అయితే ఆయన్ని కనిపెట్టుకుని ఉండు," అంది.

కనిపెట్టుకుని ఉన్నాను. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు. పదికి పది నిమిషాల ముందే వెళ్ళేవాణ్ణి. కథ పెరిగింది. ఖాజీగారు వచ్చి చేరారు. నాగూర్ బీ ప్రశ్న చేరింది. కూలివాడికి ఒక పేరూ, కుంటికాలూ వచ్చాయి. "అమ్మా, ఉత్తరానికే పెట్టాం అన్నానండీ," అని వకీలుగారు గొంతు దించేవారు. వెంకటరత్నం ఏడ్చేవాడు. ఈశ్వరరావు దీన్ని ఇంగ్లీషులో రాసి ఆ తెల్లకుర్రాడికి పంపుతానన్నాడు. మా చెల్లెలి భర్త చావు పెసరట్టుకీ కాఫీకీ మధ్య వాళ్ళకి వారంవారం అందింది. నేను తల ఊపేవాణ్ణి. ఎక్కడైనా ఆయన తడబడితే ఒక మాట అందించేవాణ్ణి. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరూ ఆ కథని నా అంత శ్రద్ధగా వినలేదు. అంత అసహ్యంతోనూ వినలేదు. ఈ రెండూ ఒక మనిషిలో ఇంత సుఖంగా కాపురం చేస్తాయని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

జూన్‌లో తొలకరి పడ్డ ఆదివారం మిగతా ఇద్దరూ రాలేదు. వీధిలో మోకాలిలోతు నీళ్ళు. నేను వెళ్ళాను. పూర్ణచంద్రరావు గారు రేడియోగ్రామ్ తెరవలేదు. కుర్చీలో ముందుకి వంగి, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. రాజకుమారి గారు నాకు మజ్జిగ గ్లాసు ఇచ్చి, వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది.

"మాస్టారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎవరితోనూ అనకండి."

"చెప్పండి."

"లారీలో అవనిగడ్డ దాకా వెళ్ళాను. అక్కడే చలిజ్వరం తగిలింది. బంగళాలో మూడు రోజులు పడుకున్నాను. నాలుగో రోజు లారీ సొర్లగొంది వైపు బయల్దేరింది. నేనెక్కానా? ఎక్కినట్టే ఉంది. దారి తెగిపోయి సగంలోంచి తిరిగొచ్చామని ఈవిడంటోంది. వచ్చిన రోజు నేనే అలా చెప్పానట." ఆగారు. ఆ ఆగడం పాటలోది కాదు. "ఆ తుమ్మచెట్టు కనిపిస్తోంది మాస్టారూ. నెమలి కనిపిస్తోంది. కానీ దాని వెనక బంగళా పైకప్పు కూడా కనిపిస్తోంది. ఆ ముసలమ్మ అడిగింది చూశారూ, తల ఎటని. అప్పట్నుంచీ తిండి సయించట్లేదు. పాతిపెట్టామని నేను ఎందుకన్నాను? మీరు మనసు గురించి చదువుకున్నవారు. చెప్పండి. నేను చూశానా?"

కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎర్రగా, భయంగా. ఆ ముఖంలో తనని తాను చూసుకునేవాడు లేడు. మూడు నెలలుగా నేను ఏ మనిషి కోసం ఆ గదిలో వెతికి, లేడని తీర్మానించుకుని తృప్తిపడ్డానో, ఆ మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. సాయం అడుగుతున్నాడు. ఒక్క మాట చాలు అతనికి: ఆ నెమలి నేను మీకిచ్చిందే.

ఖదీజాకి ఇంకా డెబ్బై రోజులున్నాయి.

"చూశారండీ," అన్నాను. "చూడనివాడికి నెమలి ఎలా తెలుస్తుంది?"

ఆయన ఆ మాటని వకీలులాగా అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్కం చెప్పేవాడు చెప్పిన మాట. ఎక్కడా సందు దొరకలేదు.

"అంతేనంటారా?"

"అంతేనండి. జ్వరంలో చూసినవి అలాగే ఉంటాయి. పైకప్పు కలిసిపోతుంది. చూసింది చూసిందే."

భుజాలు దిగాయి. ముఖం మెల్లగా, ఒక్కో కండరం, తన పాత చోటికి సర్దుకుంది. ఎదురుగా ఉన్న మనిషి అలా వెళ్ళిపోవడం నేను చివరిదాకా చూశాను.

"అమ్మయ్య," అన్నారు. "విన్నావుటే? మాస్టారు కూడా అంటున్నారు."

రాజకుమారి గారు ఆయన వైపు చూడలేదు. నన్ను చూసింది. ఆవిడకి నెమలి సంగతి తెలీదు, పెట్టె సంగతి తెలీదు. నా ముఖం మాత్రం కనిపిస్తోంది. దగ్గరికొచ్చి, నేను ఇంకా తాగుతున్న గ్లాసు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.